తిరుమలగిరినుండి శ్రీహరికోటకు

సూర్యాపేటనుండి జనగామకు బోవు బాటమీద తిరుమలగిరి యను నూరు గలదు. ఈ పేరుగల యూళ్లు తెలంగాణమున నొకటి గాదు. నాగార్జునసాగరము చేరువను ఒకటి, సికింద్రాబాదు పొలిమేరను ఒకటి యున్నవి. మేము వ్రాయునది తుంగతుర్తి ప్రక్కనున్న తిరుమలగిరినిగూర్చి. అనాదిగా నల్లగొండ జిల్లాలోనిది. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూర్యాపేట జిల్లాలో జేరినది. మా యత్తవారి యూరు నిదియే, మా వారు ఉపాధ్యాయులుగా పనిచేయు బడియు నిచ్చటనే.

ఊరు మరి పెద్దది గాదు. బాటకు ఇరుప్రక్కల అంగళ్లు, నడుమ కూడలి, ఒకవైపు వడ్లకు పేరుపడిన వ్యవసాయపు మార్కెట్టు. పంట కోసిన దినములలో ట్రాక్టర్లు, లారీలు బారులుదీరి నిలుచును. ధాన్యపు దుమ్ము ఇంటిలోని దేవుని పటములమీద గూడ పేరుకొనును. ఊరు దాటినంతనే యెర్రని చెలకలు, తాటివనములు, ఏనుగులు పండుకొన్నట్లుండు బండలు. ఇది మిట్టనేల. కాలువ నీళ్లు వచ్చుట నిన్నమొన్నటి సంగతి. అంతకుముందు వానమీదనే బ్రతుకు. అందుచేత ఇచ్చటివారికి తలయెత్తి మొగులును జూచుట పుట్టుకతో వచ్చిన యలవాటు. కొన్ని కిలోమీటర్ల దూరమున ఫణిగిరి గుట్ట యున్నది. పాము పడగవలె నుండు ఆ గుట్టమీద పూర్వము బౌద్ధభిక్షువులు విహారములు గట్టుకొని యుండిరి. ఇటీవలి త్రవ్వకములలో బుద్ధుని కథలు చెక్కిన తోరణపు రాళ్లు బయటపడినవి. పోతనగారి బమ్మెరయు ఈ సీమలోనిదే. ఈ రెండు తావులను జూడ వచ్చువారు తిరుమలగిరిలో తేనీరు త్రాగి పోవుదురేగాని, మా యూరిని జూడవలెనని యెవరును రారు.

అట్టి యూరివారమగు మేము శ్రీహరికోటకు బోయి ఆకాశనౌకను జూచి వచ్చిన సంగతి వ్రాయబూనితిమి. యాత్ర యనగా తిరుపతియో శ్రీశైలమో గాని, నిప్పు గ్రక్కు రాకెట్టును జూడ గోడళ్లను వెంటబెట్టుకొని యత్తగార్లు పోవుదురా యని సోదరీమణులు నవ్వవచ్చును. ఎందులకు బోవలసివచ్చెనో చెప్పుటకు ముందు కొంత వెనుకటి కథ చెప్పవలెను.

మా యూరి పెద్దలు ఏండ్లను లెక్కించు విధమే వేరు. రజాకార్ల యేడు, కరువు యేడు అన్నట్లే ‘స్కైలాబు పడ్డ యేడు’ అనియు నొకటి కలదు. అది 1979, సిద్ధార్థి నామ సంవత్సరము. అమెరికావారు 1973 మే నెలలో స్కైలాబు అను నొక యింటివంటి నౌకను ఆకాశమునకు బంపిరి. ముగ్గురు ముగ్గురు చొప్పున మూడు మారులు మనుష్యులు పోయి యందు కాపురముండి వచ్చిరి. కడపటివారు 84 దినములుండిరి. 1974 పిమ్మట అది పాడుపడిన యిల్లైనది. దానిని పైకి నెట్టుటకు వేరొక నౌక సిద్ధమగునంతలో సూర్యుని వేడిమి హెచ్చి, పైగాలి ఉబ్బి, దానిని క్రిందికి లాగసాగెను. సుమారు 77 టన్నుల బరువు. ఎచ్చట పడునో చెప్పగలవారు లేకపోయిరి.

అంతట మన పల్లెలలో పుట్టిన గగ్గోలు ఇంతింతనరాదు. రేడియోలో ఒకటి చెప్పగా కూడలిలో పది యాయెను. లోకము మునుగునని మేకలను, గొర్లను అడ్డికి పావుసేరుగా నమ్ముకొనినవారు, ఉన్న కోళ్లనన్నిటిని గోసి వండుకొనినవారు, అప్పులు తీర్చనక్కరలేదని కల్లుమండువలో కూర్చుండినవారు తెలంగాణమున నూరూర నుండిరి. మా యత్తగారు అప్పటికి క్రొత్త పెండ్లికూతురు. ఆషాఢమగుటచే ఫణిగిరి దాపుననున్న పుట్టినింటికి పోయి యుండెను. క్రొత్తయల్లుడు ఆషాఢమున అత్తవారి గడప త్రొక్కరాదు గదా. అయినను జూలై 11వ తేదీ సాయంకాలము మా మామగారు నడిచి నడిచి ఆ యింటి ముంగిట నిలిచిరట. లోకమే పోవుచుండగా ఆషాఢమేమియని ఆయన వాదము. ఇంటివారు గడపలోపలికి రానీయక వాకిట మంచము వేసిరట. కొందరు గుట్టరాళ్ల సందులలో తలదాచుకొనిరట. ఆ రాత్రి పది గంటల వేళ స్కైలాబు హిందూ మహాసముద్రముమీదుగా బోయి, మిగిలిన ముక్కలు ఆస్ట్రేలియా పడమటి భాగమున పడెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. ఎస్పెరెన్సు అను నూరి పురపాలకులు చెత్త పారవేసినందులకు అమెరికావారికి 400 డాలర్ల జుర్మానా వేసిరి. మన యూళ్లలో మాత్రము అమ్మిన మేక తిరిగి రాలేదు. ఆ యేడు పుట్టిన బిడ్డలకు స్కైలాబు అని పేరు పెట్టినవారును గలరు.

ఈ కథ చెప్పునపుడు మా యత్తగారు నవ్వుదురు. ఇరువది నాలుగేండ్ల తరువాతి కథకు మాత్రము నవ్వరు.

2003 ఫిబ్రవరి 1, శనివారము, పుష్య బహుళ అమావాస్య. మేమప్పటికి పదునాలుగేండ్లవారము, పుట్టినింట నాయనగారి యొద్ద రామాయణము చదువుచుంటిమి. దీపములు పెట్టి యొక గడియ దాటిన వేళ టెలివిజనులో ఆ వార్త వచ్చెను. పదునారు దినములు ఆకాశమున నుండి తిరిగి వచ్చుచున్న కొలంబియా అను నౌక, నేలకు దిగుటకు పదునారు నిమిషములు మిగిలియుండగా, టెక్సాసుమీద ముక్కలైపోయెను. అందు ఏడుగురుండిరి. వారిలో నొకరు మన కర్నాలు పట్టణమున బుట్టిన కల్పనా చావ్లా. ఆమె చదివిన ఠాగోరు బాలనికేతన పాఠశాలలో పిల్లలు పండుగ చేసికొనుటకు గుమిగూడి యుండిరి. ఆ పండుగ పండుగ కాకపోయెను.

మా వీధిలో ఆ రాత్రి యెవరును పొయ్యిమీద దృష్టి నిలుపలేదు. ఎవరో తెలియని యాడుబిడ్డకొరకు తెలిసినవారివలె నేడ్చిరి. తెల్లవారిన తరువాత మాటలు మారెను. అమావాస్య నాడు ప్రయాణమేలయని యొకరు, కన్నవారిని విడిచి అంతదూరము పోనేలయని యొకరు, ఆడుదానికి ఆకాశమేలయని మరియొకరు. చనిపోయిన యేడుగురిలో అయిదుగురు పురుషులు గదా, వారికి ఆకాశమేలయని యొక్కరైనను అడుగలేదు. అదే వారమున మరియొక విధమైన మాటయు వినవచ్చెను. 2002 సెప్టెంబరు 12వ తేదీన శ్రీహరికోటనుండి పంపిన వాతావరణపు ఉపగ్రహమునకు అప్పటి ప్రధానమంత్రి వాజపేయిగారు ‘కల్పన’ యని పేరు పెట్టిరి. అది 36,000 కిలోమీటర్ల యెత్తున నిలిచి పదియేండ్లకు మించి మబ్బుల బొమ్మలు పంపినది. మా నాయనగారు ఆ సందర్భమున సంపాతి కథ జ్ఞాపకము చేసిరి. తమ్ముడగు జటాయువును సూర్యుని వేడినుండి కాపాడబోయి రెక్కలు కాల్చుకొనిన పక్షియే, కొండమీద గూర్చుండి, సీత యున్న తావును వానరులకు జెప్పినది గదా యనిరి. వానకొరకు మొగులును జూచు మా సీమవారికి ఆ పేరు టెలివిజనులోని వానవార్తలలో వినబడునపుడెల్ల మాకీ మాట తోచుచుండెడిది.

ఆ నౌక యేల కాలెనో తరువాత విచారణ జరిపి వ్రాసిరి. హెరాల్డు గేమన్ అను నౌకాసేనాధిపతి అధ్యక్షుడుగా నొక సంఘము కూర్చుండి, 2003 ఆగస్టులో నివేదిక ప్రకటించెను. మా వారు దాని సారమును చదివి మాకు వివరించిరి. నౌకకు తగిలించిన పెద్ద యింధనపు తొట్టికి చలి కాపుగా గట్టి నురుగు పూయుదురు. అట్టి నురుగు పెళ్ల, ముప్పాతిక కిలో బరువు గలది, ఎగిరిన 82వ సెకనున ఊడి ఎడమ రెక్క యంచున తగిలెను. చేత బట్టిన పూచికవలె నుండు వస్తువు. కాని గంటకు 800 కిలోమీటర్లకు మించిన వేగముతో తగిలినచో రాయియే. విచారణవారు అట్టి పెళ్లనే అట్టి రెక్కమీద విసరి చూడగా రెండు జానల రంధ్రము పడెను. దిగివచ్చు వేళ 1,600 డిగ్రీలను మించిన వేడిగాలి ఆ రంధ్రమున దూరి, లోపలినుండి రెక్కను కరగించినది.

ఇంతకంటె మమ్ము బాధించిన సంగతి వేరొకటి కలదు. పెళ్ల తగిలిన సంగతి మరునాడే చిత్రములలో కనబడినది. క్రింద నున్న ఇంజనీర్లు కొందరు, రెక్కను దూరదర్శినులతో ఫొటో తీయించి చూడవలెనని మూడు మారులు కోరిరి. పైయధికారులు అక్కరలేదనిరి. నురుగు ఊడుట మునుపును జరిగినదే, ఏమియు గాలేదు గదా యని వారి ధీమా. కొడవలి మొక్కపోయినదని పాలేరు చెప్పగా నిరుడును ఇట్లే కోసితిమని యజమాని యన్నట్లు! ఛాలెంజరు కథయు నిట్టిదే. 1986 జనవరి 28వ తేదీన చలి హెచ్చుగా నున్నది, రబ్బరు కట్టు బిగియదు, నేడు వలదని చెప్పినవారుండిరి. వినలేదు, 73వ సెకనున నౌక చెదరిపోయెను. అందు క్రిస్టా మెకాలిఫ్ అను బడిపంతులమ్మ యుండెను. పదునొకండు వేలకు పైబడిన ఉపాధ్యాయులలోనుండి యామెను ఏరుకొనిరి. అమెరికాలో బడిపిల్లలు తరగతులలో గూర్చుండి టెలివిజనులో ఆమె ప్రయాణమును జూచుచుండగనే యిది జరిగినది. మా వారు ఈ సంగతి యెన్నడును ముగింపుదాక జెప్పలేరు. ఆమెకు మారుగా సిద్ధపరచిన బార్బరా మోర్గన్ అను మరియొక పంతులమ్మ ఇరువది యొక్క యేండ్లు వేచి, కొలంబియా కాలిపోయిన తరువాత గూడ వెనుదీయక, 2007 ఆగస్టులో పోయి వచ్చెను. ఆ భాగము మాత్రము మా వారు తరగతిలో గట్టిగా జెప్పుదురు.

ఇక మా యింటి సంగతి. మా బావగారి కూతురు 2023లో ఇంటర్మీడియెట్టు రెండవ సంవత్సరమున నుండెను. ఆ యాగస్టు 23వ తేదీన చంద్రయానము చంద్రునిమీద దిగినది మొదలు, ఆ పిల్ల ఆకాశనౌకల ఇంజనీరింగు చదువుదునని పట్టుబట్టెను. తండ్రికి అవునన మనసే గాని తల్లిమాట దాటజాలడు. మా యత్తగారు ఒక్కటే మాట. “ఆ పిల్ల మొగులుమీద కాలిపోయినది మరిసినవా బిడ్డా? మన పిల్లను గూడ ఆ సదువుకే తోల్తవా?” అని మమ్మే యడిగిరి. ఇంజనీరింగు చదివినవారందరును ఆకాశమున కెగురరని, నూటికి నూరుగురు నేలమీదనే యుందురని యెంత చెప్పినను వారి మనసునుండి ఆ టెలివిజను బొమ్మ పోలేదు. దగ్గరి యూర డిగ్రీలో జేర్చి, రెండేండ్లలో పెండ్లి చేయవలెనని యింటిలో మాట లేచెను. పిల్ల అన్నము మానెను.

అట్టి సమయమున మా వారొక యుపాయము చెప్పిరి. మనుష్యులను బంపుటకు ముందుగా ఇస్రోవారు అక్టోబరు 21వ తేదీన శ్రీహరికోటలో నొక పరీక్ష చేయబోవుచున్నారు, చూడగోరువారిని రానిత్తురు, అత్తగారిని గూడ తీసికొని పోవుదము, చూచిన తరువాత వారేమన్న అది యనిరి. దసరా సెలవులు. సూళ్లూరుపేటలో చెంగాళమ్మ దర్శనము గూడ నగునని చెప్పగా అత్తగారొప్పిరి. బతుకమ్మ దినములలో ఇల్లు విడుచుట యెట్లని మేమును సంశయించితిమి గాని, 19వ తేదీ అలిగిన బతుకమ్మ. ఆనాడు బతుకమ్మను పేర్చరు. ఆ సాయంకాలమే బస్సెక్కితిమి. సద్దులనాటికి తిరిగి రావలెనని యత్తగారి నిబంధన.

సూర్యాపేటలో బస్సు మారి, విజయవాడలో రైలెక్కి, మరునాటి మధ్యాహ్నమునకు సూళ్లూరుపేటలో దిగితిమి. నెల్లూరు దాటిన తరువాత గాలియే వేరు; ఉప్పుజాడ, తేమ. మా యెర్రనేల కన్నులకు ఆ పచ్చదనము కొంత సేపు నమ్మశక్యము గాకుండెను. చెంగాళమ్మ గుడికి రేయింబవళ్లు తలుపు మూయరు. రాకెట్టు ఎగురుటకు ముందు ఇస్రో యధ్యక్షులు ఇచ్చటికి వచ్చి మ్రొక్కి పోవుట వాడుక. ఇంతటి లెక్కలు దెలిసినవారికి మ్రొక్కెందులకని మా పిల్ల అడుగగా, లెక్క తప్పునేమోనని భయమున్నవాడే మ్రొక్కునని యత్తగారనిరి. మాకది బాగుగా తోచెను.

సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు పులికాటు సరస్సు నడుమనుండి కట్టమీద బోవలెను. ఇరుప్రక్కల లోతులేని యుప్పునీరు అద్దమువలె పరచుకొని యుండును. చలికాలమున ఫ్లెమింగో పక్షులు వేలకొలది వచ్చునట. మేము పోయిన నాటికి గుంపులింకను రాలేదు, కొంగలు మాత్రము నిలువుకాళ్లమీద నుండెను. శ్రీహరికోట సముద్రమునకును సరస్సునకును నడుమ నున్న దీవి. ఇచ్చట మునుపు యానాదులు అడవినమ్ముకొని బ్రదికెడివారు. 1969లో ఈ దీవిని రాకెట్లకొరకు ఏరుకొనిన పిమ్మట వారి యూళ్లు కదలెను. వారి సంగతి వ్రాయుటకు వేరొక వ్యాసము కావలెను.

మొట్టమొదట ఇచ్చటనుండి ఉపగ్రహమును బంపజూచినది 1979 ఆగస్టు 10వ తేదీన, అనగా స్కైలాబు పడిన నెలకే. అబ్దుల్ కలాముగారు ఆ పనికి పెద్ద. అది ఉపగ్రహముతో గూడ బంగాళాఖాతములో పడెను. మరునేడు 1980 జూలై 18వ తేదీన నెగ్గిరి. పరాయివారి యిల్లు మీద పడునని వణకిన మన పల్లెలు, తమ రాకెట్టు సముద్రమున పడిన సంగతి విననైన లేదు.

21వ తేదీ తెల్లవారుజామున గుంపుతో బాటు లోనికి బోయి, చూచువారికై కట్టిన మెట్లమీద గూర్చుంటిమి. 2019లో కట్టిన యీ మెట్లమీద అయిదువేలమంది పట్టుదురు. సుమారు 35 మీటర్ల యెత్తుగల రాకెట్టు. దానికొనన మనుష్యులు కూర్చుండు గదివంటి యొక తొట్టి. ఆ దినము అందు మనుష్యులు లేరు. పరీక్ష ఏమనగా, ఎగురుచున్న రాకెట్టు చెడినదే యనుకొని, ఆ గదిని దానినుండి పెరికి దూరముగా గొనిపోయి, గొడుగులతో సముద్రమున దింపుట. కొలంబియాకు, ఛాలెంజరుకు ఇట్టి యేర్పాటు లేదు.

ఎనిమిది గంటలకనిరి. మబ్బుచేత ఎనిమిదిన్నరకు, పిదప ముక్కాలుకు జరిపిరి. అంకెలు వెనుకకు లెక్కించుచు వచ్చిరి. పిల్లలందరును గొంతెత్తి కలసి లెక్కించిరి. అయిదు సెకనులు మిగిలియుండగా లెక్క నిలిచిపోయెను. రాకెట్టు కదలలేదు. మెట్లమీద నున్న జనమంతయు నొక్కసారి మాట పోగొట్టుకొనిరి. మా పిల్ల ముఖము నల్లబడెను. ఇన్ని క్రోసులు వచ్చి, నాయనమ్మను ఒప్పించుటకై వచ్చి, ఆమె యెదుటనే ఇట్లు కావలెనా యని దాని దుఃఖము.

“ఆపిన్రా? సెడిపోయిందా?” అని యత్తగారడిగిరి.

“చెడలేదు నానమ్మా. ఏదో లెక్క కుదరకుంటే యంత్రమే ఆపేసింది” అని పిల్ల తడబడుచు చెప్పెను.

అత్తగారు కొంతసేపు ఆ రాకెట్టును జూచి, “ఇట్ల ఆపుడు ఆ దినము వాళ్లకు తెల్వకపాయెనా?” అనిరి.

మేము బదులు చెప్పలేకపోతిమి. నిజమునకు అది యింత సులభము గాదు. నేలమీద నిలిచిన రాకెట్టును ఆపవచ్చును; ఆకాశమునుండి దిగుచున్న నౌకను నడుమ ఆపు వీలు లేదు. అయినను పదునారు దినములు వారికి వ్యవధి యున్నది. రెక్కను జూచుటకైన నోచుకొనలేదు. మా వారు ఈ మాట చెప్పగా అత్తగారు విని, తల యూచి, సంచిలోని మలీద ముద్దలు తీసి ప్రక్కనున్న పరాయి పిల్లలకు గూడ పంచిరి.

ఇస్రో యధ్యక్షులు సోమనాథుగారు ఇంజను రగులలేదని, కారణము చూచి చెప్పుదుమని ధ్వనియంత్రమున దెలిపిరి. లోపమును పట్టి, సవరించి, పది గంటలకు ఎగురునట్లు మరల లెక్క ప్రారంభించిరి. ఈ మారు గొంతు కలిపినవారు తక్కువ. మొదట వెలుగు కనబడెను, పిదప పొగ, ఆ పిమ్మటగాని చప్పుడు మాయొద్దకు రాలేదు. వచ్చినప్పుడు మాత్రము ఎదురురొమ్మున డప్పు మ్రోగినట్లయ్యెను. రాకెట్టు సుమారు 12 కిలోమీటర్ల యెత్తు చేరగానే ఆ గది విడివడి, వేరుగా పైకి బోయి, 17 కిలోమీటర్ల దగ్గర తన కాపునుండి వెలువడి, గొడుగులు విప్పుకొని దిగసాగెను. కంటికి జుక్కవలె గనబడినది కొంతమాత్రమే. తక్కినది తెరమీద జూచితిమి. తీరమునకు పది కిలోమీటర్ల దూరమున సముద్రములో పడగా నౌకాదళమువారు వెలికిదీసిరి. నీటిమీద అది తలక్రిందుగా తేలుచుండెనని తరువాత చెప్పిరి. దానిని గూడ దాచక చెప్పుట మాకు నచ్చినది. ముందుముందు అందు మనుష్యులుందురు గదా.

తిరుగు దారిలో మా వారు 2004 ఫిబ్రవరి 23వ తేదీని జ్ఞాపకము చేసిరి. ఆనాడు ఈ దీవిలోనే ఘన యింధనము తయారుచేయు శాలలో మంట రేగి ఆరుగురు పనివారు మరణించిరి. కొలంబియా కాలిన యేడాదికే జరిగిన సంగతి. మన తెలుగునాటనే జరిగిన సంగతి. ఆ యేడుగురి పేర్లను మా వీధి పిల్లలు వల్లించిరి. ఈ యారుగురి పేర్లు మాకెవ్వరికిని దెలియవు. ఆకాశమున కెగిరినవారు మాత్రమే ప్రాణమొడ్డిరని యనుకొనుట మన యలవాటు. మా పిల్ల పనిచేయగోరునది అట్టి శాలలలోనేయని అప్పుడు మాకు స్ఫురించెను గాని, అత్తగారి యెదుట పైకి అనలేదు.

మనవారి యాకాశయాత్రకు ‘గగనయాన’ మని పేరు. 2018లో ప్రకటించిరి. ముగ్గురిని 400 కిలోమీటర్ల యెత్తునకు బంపి, మూడు దినముల తరువాత సముద్రమున దింపవలెనని సంకల్పము. 2022కు అనుకొనినది జరిగి జరిగి, 2025లో చెప్పిన లెక్కకు 2027 అయినది. ఖర్చు మొదట పదివేల కోట్లు. 2024లో అదనపు ప్రయాణములను గూడ జేర్చి ఇరువదివేల కోట్లు దాటించిరి. ఆలస్యమును జూచి నవ్వువారు కలరు. మేమా గుంపులో లేము. పప్పు ఉడుకకమునుపే దింపుమని తొందరపెట్టువారు వంట చేయువారు గారు. ఖర్చునుగూర్చి అడుగుట మాత్రము తప్పు గాదు. ఇంటి లెక్క చూచు స్త్రీలమగు మనము తప్పక యడుగవలెను. యంత్రములు పోయి చేయు పనికి మనుష్యుడేల యనువారి మాటయు పెడచెవిని బెట్టదగినది గాదు. కల్పన యను ఉపగ్రహము ఒక్క ప్రాణమునైన అడుగక మా రైతులకు మబ్బుల జాడ చెప్పినది.

2024 ఫిబ్రవరి 27వ తేదీన నలుగురు యాత్రికుల పేర్లు ప్రకటించిరి. నలుగురును వాయుసేనలో క్రొత్త విమానములను పరీక్షించు పురుషులే. వారిలో శుభాంశు శుక్లాగారు 2025 జూన్ 25వ తేదీన అమెరికానుండి బయలుదేరి, అంతరిక్ష కేంద్రమున నుండి, జూలై 15న క్షేమముగా తిరిగి వచ్చిరి. ఆడువారికి బదులు ‘వ్యోమమిత్ర’ యను ఆడురూపపు బొమ్మను ముందుగా బంపుదురట. ప్రమాదమున్న మొదటి ప్రయాణమునకు ఆడుబొమ్మ, పిదప పురుషులు! ఇది యే శాస్త్రమో మా పిల్ల మాకు చెప్పజాలకపోయెను. మన తెలుగువారి సంతతి మాత్రము పరాయి నౌకలలో పోయి వచ్చినది. గుంటూరు ప్రాంతమునకు జెందిన శిరీష బండ్ల 2021 జూలై 11న ఎగిరెను. ఆమె కొలువులో జేరిన సంస్థవారి నౌక 2014లో కూలి యొక చోదకుడు మరణించి యుండగా, మరుసటి యేటనే ఆమె జేరినది. హైదరాబాదు ప్రాంతమునుండి అమెరికాకు బోయిన తండ్రికి బుట్టిన రాజా చారి 2021 నవంబరునుండి ఆరు నెలలు కేంద్రములో నుండి వచ్చెను.

ఇంకొక సంగతి. 2024 జూన్‌లో సునీతా విలియమ్సు క్రొత్త నౌకలో ఎనిమిది దినములకని పోయి, తొమ్మిది నెలలకు పైగా త్రిశంకువువలె ఆకాశమున నుండిపోయినది చదువరులకు దెలియును. ఆ నౌకలో లోపము కనబడగా, మనుష్యులను అందు దింపుట వలదని, దానిని సెప్టెంబరులో ఖాళీగా దింపిరి. ఆమె 2025 మార్చి 19వ తేదీ తెల్లవారుజామున, మన లెక్కకు మూడున్నర గంటల వేళ, వేరొక నౌకలో దిగినది. ఖాళీ నౌక క్షేమముగానే దిగినది గదా, ఊరక భయపడిరని కొందరనిరి. మా యత్తగారు ఆ రాత్రి నిద్రపోక, మనుమరాలి ఫోనులో ఆ గొడుగులు విచ్చుకొనుట చూచి, “గీ తడవ ఇన్నరు” అని మాత్రమనిరి.

మనుమరాలి చదువు సంగతి అడుగుదురేమో. సద్దుల బతుకమ్మ నాటి మధ్యాహ్నమునకు మేమిల్లు చేరితిమి. తంగేడు, గునుగు అప్పటికే వీధిలో నయిపోయెను. బంతిపూలతోనే చిన్నదిగా పేర్చితిమి. పెండ్లి మాట ఆ యేడు మరల రాలేదు. అత్తగారు ఔననలేదు, కాదననులేదు. బావగారు దానినే ఔనని తీసికొనిరి. ఆకాశనౌకల చదువునకు సీటు రాలేదు. 2024లో హైదరాబాదున యంత్రముల ఇంజనీరింగులో జేరినది. రాకెట్లకు కావలసిన గట్టి యుక్కును హైదరాబాదులోని మిధానీ వారే పోత పోయుదురని, అచ్చట పని దొరికినను చాలుననియు చెప్పుచున్నది. అచ్చట నిప్పు ఉండునా యని యత్తగారు మొన్న నడిగిరి. కొలుములున్నవి గావున నిప్పు ఉండునని పిల్ల దాచక చెప్పినది.

పోవదలచిన సోదరీమణులకు రెండు మాటలు. రాకెట్టు ఎగురు దినములు ముందుగా పత్రికలలో వచ్చును. ఇస్రోవారి కంప్యూటరు పుటలో పేర్లు నమోదు చేసికొనవలెను; రుసుము లేదు, గాని తెరచిన కొద్దిసేపటికే నిండిపోవును. గుర్తింపుకార్డు మరువరాదు. సూళ్లూరుపేటలో బసకు ముందే వ్రాసికొనవలెను. ఎండకు గొడుగు, త్రాగ నీరు, పిల్లలున్నచో పొడి తిండి కావలెను. అన్నిటికంటె ముఖ్యముగా రెండు దినములు ఎక్కువ చేతనుంచుకొని బయలుదేరవలెను. అయిదు సెకనులున్నప్పుడు గూడ ఆపుదురు గావున.